కొన్న ఆట ఎవరిది?



ఒక సోమవారం నాడు ఎనిమిదవ గ్రేడు తరగతిలో ఇంటిపని చూస్తున్నాను. ఎప్పుడూ అందరికంటె ముందుగా పుస్తకం తెచ్చి ఇచ్చే ఒక బాలుడు ఆ రోజు తల వంచుకొని కూర్చున్నాడు. దగ్గరకు పిలిచి అడిగాను.

"మాస్టారూ, నా ఆటలన్నీ పోయాయండీ" అన్నాడు.

ఎవరో సంచి దొంగిలించారనుకున్నాను. "ఎక్కడ పోయాయి నాయనా?" అన్నాను.

"అవి ఎక్కడికీ పోలేదండీ. అక్కడే ఉన్నాయి. నన్నే లోపలికి రానివ్వడం లేదు."

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత నెమ్మదిగా అడిగి తెలుసుకున్నాను. అతడు మూడు సంవత్సరాలుగా ఉగాదికి పెద్దలు ఇచ్చిన డబ్బు, పుట్టినరోజు డబ్బు కూడబెట్టి, కంప్యూటరులో ఆడుకునే ఆటలు పదకొండు కొన్నాడు. అవి పెట్టెలో వచ్చిన ఆటలు కావు. ఇంటర్నెట్టు ద్వారా ఒక అంగడిలో కొన్నవి. ఆ అంగడిలో ఖాతా తెరిచినప్పుడు తండ్రిగారి ఆఫీసు ఈమెయిలు ఇచ్చారు. తండ్రిగారు ఉద్యోగం మారారు. పాత ఆఫీసువారు ఆ ఈమెయిలును మూసివేశారు. ఇంట్లోకి కొత్త కంప్యూటరు వచ్చిన రోజున ఆ అంగడి, "మీరు మీరేనని ధ్రువపరచుకొనుటకు మీ ఈమెయిలుకు ఒక సంఖ్య పంపినాము" అన్నది. ఆ సంఖ్య ఎవరూ తెరవలేని పెట్టెలో పడింది. అంతే.

ఆ అంగడి పేరు ఇక్కడ చెప్పను. ఇట్టి సంగతి ఏ అంగడిలోనైనా జరుగవచ్చును. అయితే ఆ బాలుడు అడిగిన ప్రశ్న మాత్రం మీ అందరికీ పనికివస్తుంది. "డబ్బు ఇచ్చి కొన్నాను గదండీ, మరి నావి కావా?" అన్నాడు. ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం.

మా ఇంట్లో ఒక పాత పెద్దబాలశిక్ష ఉన్నది. అట్ట ఊడిపోయింది. మొదటి పుటలో మూడు పేర్లు మూడు రకాల సిరాలతో రాసి ఉన్నాయి. చివరి పేరు మా తాతగారిది. మొదటి ఇద్దరు ఎవరో మాకు తెలియదు. అది చేతులు మారి మారి మా ఇల్లు చేరింది. అచ్చువేసినవారు ఏనాడూ వచ్చి, "మా అనుమతి లేకుండా ఇంకొకరికి ఎందుకు ఇచ్చారు?" అని అడగలేదు. అడగడానికి వీలులేదు కూడా. పుస్తకం ఒకసారి అమ్మిన తరువాత ఆ ప్రతిని తిరిగి అమ్ముకోవడానికి, ఎరువు ఇవ్వడానికి, దానం చేయడానికి కొన్నవారికే హక్కు ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని 1908లోనే ఒక పుస్తక ప్రచురణకర్తల వ్యాజ్యంలో స్థిరపరచింది. అయితే పుస్తకంలోని రచనను మళ్ళీ అచ్చువేసి అమ్ముకునే హక్కు మాత్రం కొన్నవారికి రాదు. కాగితం మనది. రచన రచయితది. ఈ భేదం గుర్తుంచుకోండి.

మన పూర్వులలో చాలామంది బయలుదేరి వచ్చిన విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలలో భూమిని గురించి రెండు మాటలు వాడతారు. క్రయం ఒకటి, కౌలు ఒకటి. క్రయం అనగా డబ్బు ఇచ్చి భూమిని సొంతం చేసుకోవడం. కౌలు అనగా భూమి ఇంకొకరిదిగానే ఉండగా, దానిని సాగుచేసుకొనడానికి అనుమతి పొందడం. కౌలుదారు విత్తనం వేస్తాడు, నీరు పెడతాడు, పంట తింటాడు. చూసేవారికి ఆ పొలం అతనిదేననిపిస్తుంది. కాని దస్తావేజులో పేరు వేరు.

మన బాలుడు తాను క్రయం చేశాననుకున్నాడు. అతడు చేసింది ఒక విధమైన కౌలు. కౌలుకైనా గడువు ఇంతని ముందే చెప్పుకుంటారు. ఇక్కడ అదీ లేదు.

ఇది ఎట్లు వచ్చిందో కొంచెం వెనుకకు వెళ్ళి చూద్దాం. మొదట్లో ఆటలు పెట్టెలలో వచ్చేవి. కంప్యూటరు ఆట ఫ్లాపీలోనో, సీడీలోనో ఉండేది. సీడీ ఉంటే ఆట ఉన్నట్లే. తెలిసినవారికి ఎరువు ఇవ్వవచ్చు, పాతది అమ్మవచ్చు. గీతలు పడితే మాత్రం పోయినట్లే. 2003 సెప్టెంబరులో అమెరికాలోని వాల్వ్ అనే సంస్థ స్టీమ్ అనే పద్ధతిని ప్రారంభించింది. మొదట అది తమ ఆటలలోని లోపాలను ఇంటర్నెట్టు ద్వారా సవరించి పంపడానికి ఏర్పాటయింది. 2004 నవంబరులో హాఫ్ లైఫ్ 2 అనే ఆట వచ్చినప్పుడు, దుకాణంలో పెట్టె కొన్నవారు కూడా స్టీమ్‌లో ఖాతా తెరిస్తే తప్ప ఆడలేకపోయారు. అప్పుడు చాలామంది సణుగుకున్నారు. తరువాత అలవాటు పడ్డారు. క్రమంగా ఇతర సంస్థల ఆటలు కూడా అక్కడే అమ్మకానికి వచ్చాయి. సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ సంస్థలు కూడా తమ తమ యంత్రాలకు ఇటువంటి అంగళ్ళు తెరిచాయి.

ఈ పద్ధతిలో సుఖం లేకపోలేదు. నిజం చెప్పాలంటే చాలా ఉన్నది. కంప్యూటరు పాడైతే, కొత్తదానిలో ఖాతా తెరిచి ఆటను తిరిగి దించుకోవచ్చును. గీతలు పడే సీడీ లేదు. పండుగ రోజులలో సగం ధరకు, అంతకంటె తక్కువకు కూడా ఇస్తారు. మన మారిషస్ వంటి చిన్న ద్వీపానికి ఓడలో పెట్టె ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడవలసిన పని తప్పింది. కనుక ఈ అంగళ్ళను దూషించడం నా ఉద్దేశం కాదు. అక్కడ మనకు చేతికి వచ్చేది ఏమిటో తెలుసుకొని డబ్బు ఇవ్వాలంటున్నాను.

ఏమిటది? ఒక అనుమతి. దానినే లైసెన్సు అంటారు. స్టీమ్ ఒప్పందపత్రంలో ఆటలు అమ్మబడడం లేదు, లైసెన్సు మాత్రమే ఇవ్వబడుతున్నదని స్పష్టంగా రాసి ఉన్నది. ఖాతాను మరొకరికి అమ్మరాదు, బదిలీ చేయరాదు అని కూడా ఉన్నది. వీలునామా రాసి కొడుకుకు ఇవ్వడానికి సైతం ఒప్పుకోరు. మా తాతగారి పెద్దబాలశిక్ష వలె మూడు పేర్లు రాసుకునే పుట దానికి లేదు. ఆ ఒప్పందం చదవకుండానే "అంగీకరిస్తున్నాను" అన్నచోట నొక్కుతాము. నేనూ నొక్కాను. పెద్దలు చేసే తప్పులను పిల్లల మీదికి నెట్టడం న్యాయం కాదు గనుక చెబుతున్నాను.

ఇక తాళం సంగతి. అనేక ఆటలు తెరిచినప్పుడు మన కంప్యూటరు దూరాన ఉన్న ఇంకొక కంప్యూటరుతో మాట్లాడుతుంది. ఆ దూరపు కంప్యూటరును సర్వరు అంటారు. "ఈ ఖాతావారికి ఈ ఆట ఆడే అనుమతి ఉన్నదా?" అని ఇది అడుగుతుంది. "ఉన్నది" అని అది చెబితే ఆట తెరుచుకుంటుంది. కొన్ని ఆటలు ఒక్కసారి అడిగి ఊరుకుంటాయి. కొన్ని అప్పుడప్పుడు అడుగుతాయి. మరికొన్ని ఆడుతున్నంతసేపూ సర్వరును పట్టుకొనే ఉంటాయి. ఈ మూడవ రకంలో ఆటలోని కొంత భాగం మన ఇంట్లో ఉండనే ఉండదు. అది సర్వరులోనే ఉంటుంది. కావున ఆ సర్వరును ఆపివేసిన రోజున, మన యంత్రంలో ఉన్నది ఒక ఖాళీ డొల్ల మాత్రమే.

దీనికి మంచి ఉదాహరణ ది క్రూ అనే కార్ల పందెం ఆట. ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ దానిని 2014 డిసెంబరులో విడుదల చేసింది. అమెరికా దేశాన్ని కుదించి చేసిన పటంలో ఒక తీరం నుండి మరొక తీరానికి కారు నడుపుతూ పోవచ్చును. ఒంటరిగా కూడా ఆడవచ్చును. కాని ఒంటరిగా ఆడేవారికైనా సర్వరుతో సంబంధం తప్పదు. 2023 డిసెంబరులో ఆ ఆట అమ్మకం ఆపివేశారు. 2024 మార్చి 31న సర్వర్లు మూసివేశారు. ఆ రోజుతో డబ్బు ఇచ్చి కొన్నవారందరికీ ఆట ఆగిపోయింది. దుకాణంలో పెట్టె కొని, డిస్కును బీరువాలో భద్రంగా దాచుకున్నవారికీ ఆగిపోయింది. డిస్కు ఉంటే చాలుననుకునేవారు ఈ మాట గమనించాలి. అంతటితో కూడా కాలేదు. ఏప్రిల్ నెలలో చాలామంది ఖాతాల నుండి ఆ ఆట అనుమతినే తీసివేశారు. ఆటను తెరవబోతే, ఈ ఆట మీకు ఇక అందుబాటులో లేదనీ, అంగడికి వెళ్ళి వేరొకటి చూసుకోమనీ సందేశం కనిపించింది. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

ఆటగాళ్ళు ఊరుకోలేదు. 2024 ఏప్రిల్‌లోనే రాస్ స్కాట్ అనే అమెరికన్ ఒక ఉద్యమం ప్రారంభించాడు. ఆటలను చంపడం ఆపండి అని దాని పేరుకు అర్థం. వారి కోరిక చిన్నది. సర్వర్లను శాశ్వతంగా నడపమని వారు అడగలేదు. మూసివేసేటప్పుడు కొన్నవారు ఏదో ఒక రీతిని ఆడుకోగలిగే స్థితిలో ఆటను వదిలిపెట్టమన్నారు. ఐరోపా సమాఖ్యలో పౌరులు పది లక్షల సంతకాలు సేకరిస్తే, యూరోపియన్ కమిషన్ వారి విన్నపాన్ని పరిశీలించి సమాధానం ఇవ్వాలి. 2025 జులైలో ఆ సంఖ్య దాటింది. బ్రిటన్‌లో లక్ష సంతకాలు దాటిన విన్నపం మీద 2025 నవంబరులో పార్లమెంటు సభ్యులు చర్చ జరిపారు. చట్టం మార్చే ఆలోచన లేదని అక్కడి ప్రభుత్వం చెప్పింది. అయితే ఈ గొడవ వలన ఒక మేలు జరిగింది. యూబీసాఫ్ట్ సంస్థ ది క్రూ ఆటకు తరువాత వచ్చిన రెండవ భాగాన్ని సర్వరు లేకుండా ఆడుకునే వీలు కల్పిస్తామని 2024లో చెప్పి, 2025లో ఆ పని చేసింది. అంటే ముందు చేయలేని పనేమీ కాదన్నమాట.

సంస్థల వైపు మాట కూడా వినాలి. సర్వరుకు విద్యుత్తు కావాలి, పనివారు కావాలి. ఆడేవారు కొద్దిమందే మిగిలినప్పుడు ఖర్చు భారమవుతుంది. ఆటలో వాడిన పాటలకు, నిజమైన కార్ల పేర్లకు, బొమ్మలకు కూడా వేరేవారి దగ్గర నుండి గడువుతో అనుమతి తెచ్చుకొని ఉంటారు. ఆ గడువు తీరితే అమ్మకం ఆపవలసి వస్తుంది. అలన్ వేక్ అనే ఆట పాటల అనుమతి తీరినందున 2017 మే నెలలో అంగళ్ళ నుండి వెళ్ళిపోయి, మళ్ళీ అనుమతి సంపాదించుకొని 2018 అక్టోబరులో తిరిగి వచ్చింది. ఇక్కడ ఒక భేదం ఉన్నది. అమ్మకం ఆగడం వేరు, కొన్నవారికి అందకపోవడం వేరు. సాధారణంగా అమ్మకం ఆగిన ఆటను ముందే కొన్నవారు స్టీమ్‌లో దించుకోగలుగుతారు. అంగట్లో కనిపించడం లేదు గనుక నా ఆట పోయిందని వెంటనే కంగారుపడవద్దు.

అంగడే మూతపడితే? నింటెండో సంస్థ వీ అనే యంత్రానికి పెట్టిన అంగడిని 2019 జనవరిలో మూసివేసింది. 3డీఎస్, వీ యూ యంత్రాల అంగడిలో అమ్మకాలను 2023 మార్చి 27న ఆపింది. సోనీ సంస్థ 2021 మార్చిలో ప్లేస్టేషన్ 3 అంగడిని మూసివేస్తామని ప్రకటించింది. ఆటగాళ్ళు గట్టిగా అడిగేసరికి మరుసటి నెలలోనే వెనక్కి తగ్గింది. గూగుల్ సంస్థ స్టేడియా అనే ఆటల సేవను 2019 నవంబరులో మొదలుపెట్టి, 2023 జనవరి 18న ముగించింది. కాని వారు కొన్నవారికి ఆటల డబ్బు తిరిగి ఇచ్చారు. ఇచ్చినవారిని ఇచ్చారని చెప్పాలి.

ఈ బాధ ఆటలకు మాత్రమే పరిమితం కాదు. 2009 జులైలో అమెజాన్ సంస్థ తన కిండిల్ యంత్రాలలో ఉన్న కొన్ని పుస్తకాలను, కొన్నవారిని అడగకుండానే తొలగించింది. వాటిని అమ్మినవారికి అమ్మే హక్కు లేదని తరువాత తెలియడమే కారణం. డబ్బు తిరిగి ఇచ్చారు. అయితే ఆ పుస్తకాన్ని బడి పాఠం కోసం చదువుతూ గమనికలు రాసుకున్న ఒక విద్యార్థికి ఆ గమనికలు పనికిరాకుండా పోయాయి. డబ్బు తిరిగి వస్తుంది గాని శ్రమ ఎట్లు వస్తుంది? చిత్రమేమిటంటే, తొలగించిన పుస్తకాలలో ఒకటి జార్జి ఆర్వెల్ రాసిన 1984. ప్రభుత్వం తనకు ఇష్టంలేని కాగితాలను కాల్చివేయించే కథ అది. సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ ఆ పని బుద్ధితక్కువ పని అని ఒప్పుకొని క్షమాపణ చెప్పాడు.

చట్టాలు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. ఐరోపా న్యాయస్థానం 2012లో ఒక సాఫ్ట్‌వేరు వ్యాజ్యంలో, ఇంటర్నెట్టులో కొన్న ప్రతిని కూడా తిరిగి అమ్ముకోవచ్చునన్నది. 2019లో ఎలక్ట్రానిక్ పుస్తకాల విషయంలో అట్లు కుదరదన్నది. ఫ్రాన్సులో ఒక వినియోగదారుల సంఘం స్టీమ్ మీద వేసిన వ్యాజ్యంలో, ఆటలను తిరిగి అమ్ముకోవచ్చునని 2019లో తీర్పు వచ్చింది. 2022లో పై కోర్టు దానిని కొట్టివేసింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకొక దారి తొక్కింది. 2025 జనవరి 1 నుండి అక్కడ అమలులో ఉన్న చట్టం ప్రకారం, ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడరాదు. శాశ్వతంగా దించుకొని దాచుకోగలిగిన వస్తువులకు ఈ నియమం వర్తించదు. ఆ చట్టం అమలుకు రాకముందే, 2024 అక్టోబరులో, స్టీమ్ తన బుట్ట పుటలో అటువంటి వాక్యం చేర్చింది. ఈ చట్టం వలన పోయిన ఆట ఒక్కటి కూడా తిరిగి రాదు. అయినా "కొను" అనే క్రియకు అర్థం ఏమిటని ఒక శాసనసభ కూర్చొని ఆలోచించిందంటే తెలుగు మాస్టారుగా నాకు సంతోషమే.

ఇక మీరు చేయవలసిన పనులు చెబుతాను. అన్నిటికంటె ముఖ్యమైనది ఈమెయిలు. ఖాతాకు బడి ఈమెయిలు గాని, నాన్నగారి ఆఫీసు ఈమెయిలు గాని ఇవ్వకండి. బడి వదిలిన రోజున, ఉద్యోగం మారిన రోజున అది పోతుంది. మీ వయస్సుకు సొంత ఖాతా అనుమతించకపోతే, అమ్మగారి లేక నాన్నగారి సొంత ఈమెయిలుతో, వారి ఎదుటనే తెరవండి. ఫోను నంబరు మారిన రోజుననే ఖాతాలో కూడా మార్చండి. రేపు మార్చుదామనుకుంటే పాత సిమ్ ఆగిపోయిన తరువాత గుర్తుకు వస్తుంది. ఖాతా తిరిగి తెరుచుకొనడానికి కొన్ని అంగళ్ళు రహస్య సంఖ్యలు ఇస్తాయి. వాటిని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులు ఉండేచోట పెట్టమనండి. ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే, ఫోను పోయిన రోజున అదీ పోతుంది.

రసీదులు పారవేయకండి. ఖాతా మీదేనని నిరూపించవలసి వస్తే ఎప్పుడు, ఏ కార్డుతో, ఎంత చెల్లించారో అడుగుతారు. బజారులో కొన్న కార్డు మీది సంఖ్య గీకి వాడిన తరువాత ఆ కార్డును కూడా దాచండి. తక్కువ ధరకు వస్తున్నదని ఇతరుల ఖాతాను కొనకండి. అమ్మినవాడు రేపు "నా ఖాతా దొంగిలించారు" అని వాపసు తీసుకుంటే మీరు ఎవరితోనూ చెప్పుకోలేరు. ఇంకొక సంగతి పెద్దలకు చెప్పండి. ఒక ఆట నచ్చలేదని నేరుగా బ్యాంకుకు వెళ్ళి చెల్లింపు రద్దు చేయించకూడదు. అట్లు చేస్తే అంగడివారు ఖాతాను నిలిపివేయవచ్చును. ముందు అంగడినే అడగాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజులలోపు, రెండు గంటల కంటె తక్కువ ఆడి ఉంటే సామాన్యంగా డబ్బు తిరిగి ఇస్తారు.

కొనేముందు ఆ ఆటకు ఎప్పుడూ ఇంటర్నెట్టు కావాలా అని చూడండి. అది ఆట వివరాల పుటలో ఎక్కడో చిన్న అక్షరాలలో ఉంటుంది. కావాలంటే కొనవద్దని నేను అనను. సర్కస్‌కు టిక్కెట్టు కొన్నట్లు కొనండి. చూసినంతసేపు చూశాము, డేరా ఎత్తివేశారు అనుకోవచ్చు. ఎక్కువకాలం ఉండాలనుకున్న ఆట అయితే తాళం లేకుండా అమ్మేచోట దొరుకుతుందేమో వెదకండి. పోలండు దేశంలో 2008లో మొదలైన జీఓజీ అనే అంగడి అటువంటిది. అక్కడ కొన్న ఆట పెట్టుబడి ఫైలును దించుకొని, వేరొక డిస్కులో దాచుకోవచ్చును. ఆడటానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. చట్టరీత్యా అదీ లైసెన్సే. కాని వస్తువు మన చేతిలో ఉంటుంది.

అన్నీ చేసినా ఒక చిక్కు మిగులుతుంది. యంత్రాలు ముసలివవుతాయి. 2024 జనవరి 1 నుండి స్టీమ్ విండోస్ 7, విండోస్ 8 ఉన్న కంప్యూటర్లకు తన సహాయం ఆపివేసింది. ఆట ఉన్నది, ఖాతా ఉన్నది, తెరిచే యంత్రమే పనికిరాదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థవారు 2023లో లెక్క చూస్తే, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో నూటికి 87 ఇప్పుడు అంగళ్ళలో దొరకడం లేదని తేలింది. తాళపత్రాలను చెదలు తిన్నాయని మనం విచారిస్తాము. పదిహేనేళ్ళ నాటి ఆటకు చెద అవసరం కూడా లేకపోయింది.

మన బాలుని సంగతి చెప్పలేదు గదా. వాళ్ళ అమ్మగారు బ్యాంకు కాగితాలను ఏడాదివారీగా ఫైళ్ళలో పెట్టే మనిషి. మొదటి ఆట కొన్న తేదీ, కార్డు చివరి నాలుగు అంకెలు, చెల్లించిన రూపాయలు అందులో దొరికాయి. వాటిని పంపారు. మొదటి రెండు ఉత్తరాలకు యంత్రమే సమాధానం ఇచ్చింది. మూడవదానికి మనిషి సమాధానం ఇచ్చాడు. అయిదు వారాలకు ఖాతా తెరుచుకుంది. అమ్మగారి సొంత ఈమెయిలు అందులో చేర్చారు.

మరునాడు తరగతికి ముందుగానే వచ్చాడు. "పదకొండూ కనిపించాయండీ. పదే తెరుచుకున్నాయి" అన్నాడు. పదకొండవది సర్వరుతో నడిచే ఆట. ఈ అయిదు వారాలలోనే దానిని మూసివేశారట. వరుసలో పేరు మాత్రం ఉన్నది. తీసివేయనా, ఉంచనా అని నన్ను అడిగాడు. నీ ఇష్టం అన్నాను. ఉంచుకున్నాడు.